సవరణ: స్లీప్ అప్నియా పరికరం, దవడ నొప్పి

స్లీప్ అప్నియాకు (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగే జబ్బు) రాత్రిపూట నోట్లో పెట్టుకునే పరికరం గురించి ఇంతకుముందు రాసినదాంట్లో "మొదట్లో నొప్పి మామూలే, ఓర్చుకుంటే అలవాటవుతుంది" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: మొదటి కొన్ని వారాలు లేవగానే దవడ పట్టేసినట్టు, పళ్లు సలుపుతున్నట్టు ఉండి, కాసేపట్లో తగ్గిపోతే ఫర్వాలేదు. నోట్లో నీళ్లు ఊరడం కూడా అంతే. కానీ రోజూ ఒకే పన్ను నొప్పి పెట్టినా, చిగురు ఒరుసుకుపోయినా, చెవి ముందున్న కీలు మధ్యాహ్నం దాకా నొస్తున్నా ఓర్చుకోకండి. డెంటిస్టు దగ్గర సరిచేయించుకోవాల్సిందే.

ఈ పరికరం కింది దవడను ముందుకు పట్టి ఉంచుతుంది. దాంతో నాలుక వెనక గాలి దారి తెరుచుకుంటుంది. ఎంత ముందుకు అన్నదే కిటుకు. ఒకేసారి ఎక్కువ లాగితే ఎవరికైనా నొప్పే. అందుకే మన పళ్ల అచ్చు తీసి చేసిన, కొద్దికొద్దిగా జరుపుకోగలిగే రకం మేలు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2015 మార్గదర్శకాల మొగ్గు కూడా దానివైపే. ఆన్‌లైన్‌లో కొని వేడినీళ్లలో మెత్తబరిచి కొరికేది చవకే, పట్టు మాత్రం అంతంతమాత్రం.

"గురక తగ్గితే చాలు" అన్న వాక్యం తీసేశాను. గురక తగ్గినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు. పరికరం కుదిరాక, అది పెట్టుకునే మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి.

ఇంకొకటి, ముందు రాయనిది: ఏళ్ల తరబడి వాడితే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు మారవచ్చు. బాగున్నా చెకప్ మానకండి.