తల్లి ఖాతాలో డబ్బు సరే, బిడ్డ చదువు మాటేమిటి?

నెల్లూరు టౌన్లో ప్రైవేటు స్కూలుకి ఫీజు కట్టే తల్లి ఫోన్‌కి బిడ్డ మార్కులు, ర్యాంకు మెసేజుగా వస్తాయి. ఉదయగిరి వైపు పల్లెలో సర్కారు బడికి పంపే తల్లికి వచ్చే మెసేజు ఖాతాలో డబ్బు పడిందని. మూడో తరగతి పిల్లాడు తెలుగు వాచకంలో ఒక పేజీ తడబడకుండా చదవగలడా అనేది మాత్రం ఇద్దరికీ తెలియదు.

డబ్బు ఇవ్వడాన్ని తప్పుపట్టను. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైనప్పుడు ఇంటికి ఒక్క బిడ్డకే వచ్చేది. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద చదువుకునే పిల్లలందరికీ ఇచ్చారు. తలా 15 వేలల్లో 2 వేలు బడి నిర్వహణకు పట్టుకుని 13 వేలు ఖాతాలో వేశారు. పేదింట్లో అది పెద్ద మొత్తమే. కానీ ఈ లెక్కలో తల్లి పని ఆధార్, బ్యాంకు ఖాతా, వేలిముద్ర సరిచూసుకోవడంతోనే అయిపోతోంది.

ఈ జిల్లా తల్లులకు ఇంతకన్నా పెద్ద పని చేసిన చరిత్ర ఉంది. 1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం సారా గురించి. కలిగిరి మండలం దూబగుంటలో అది చదివినవాళ్లకు తమ ఇంటి సంగతే ఎవరో రాసినట్టనిపించింది. ఆ ఊరి రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లో సారా కొట్టు మూయించారు. సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. అక్షరాలు రాగానే లోకం మారిపోతుందని నేననను. మద్యనిషేధం ఏమైందో అందరికీ తెలుసు. అయితే ఆ వాచకం తల్లులను అడిగేవాళ్లుగా చూసింది. ఇప్పటి పథకాలు లబ్ధిదారులుగా చూస్తున్నాయి.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ పెట్టారు. ముగ్గులు, ఫొటోలు, భోజనాలు, నాయకుల ప్రసంగాలు. ప్రోగ్రెస్ కార్డులూ ఇచ్చారు. చదువురాని తల్లి ఆ కార్డు పట్టుకుని ఏం చేస్తుంది? దానికి బదులు బిడ్డను ఆమె ఎదుట నిలబెట్టి ఒక పేరా పైకి చదివించండి. తనకు అక్షరం రాకపోయినా కొడుకు ఎక్కడ నీళ్లు నమిలాడో ఆమెకు తెలిసిపోతుంది. తర్వాత ఏం అడగాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

పాత ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతాల సంగతి వేరు. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో వాన లేని ఏడు మిరపకాయ కోతలకు గుంటూరు వైపో, కట్టుబడి పనులకు బెంగళూరు, హైదరాబాదులకో కుటుంబాలు కదులుతాయి. పిల్లలు అవ్వల దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. మీటింగు తేదీ అమరావతిలో ఖాయమైతే బడికి వచ్చేది అవ్వే. ఊళ్లో జనం ఎప్పుడుంటారో ఆ బడి హెడ్మాస్టరుకి తెలుసు, తేదీ ఆయన చేతికి వదిలేయాలి.

బిడ్డ చేత తల్లి ముందు చదివించడానికి టీచర్లు ఒప్పుకోరని అంటారు. హాజరు, భోజనం, కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాపుల్లో ఎక్కించిన వాళ్లు ఇంకో పనా అంటే విసుక్కోవడం న్యాయమే. అందుకే దీన్ని ఏ యాపులోనూ ఎక్కించకూడదు, పైకి రిపోర్టు అడగకూడదు. ముప్పై మందికి తలా రెండు నిమిషాలు వేసుకున్నా గంట పని. అదీ సాయంత్రం పెడితే కూలి పోదు, తల్లులు వస్తారు.