నామినీగా పనికొచ్చినవాళ్లు వారసులుగా పనికిరారా?

స్వలింగ జంటల పెళ్లి గొడవ సుప్రీంకోర్టులో ముగిసిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం పెళ్లి ప్రాథమిక హక్కు కాదంది. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లు కూడా పోయాయి. కేసు వేసినవారిలో హైదరాబాద్ జంట ఉండబట్టి మన దగ్గర నాలుగు రోజులు చర్చ నడిచి సద్దుమణిగింది. అయితే ఆ తీర్పులోనే పెద్దగా చర్చకు రాని మాట ఒకటి ఉంది. పెళ్లి హక్కు ఇవ్వలేమన్న మెజారిటీ జడ్జీలే, పీఎఫ్, పెన్షన్ లాంటివి అందక ఈ జంటలకు వివక్ష ఎదురవుతోందని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, దాన్ని సరిచేసే పని కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన వేసే కమిటీకి వదిలేశారు.

ఆ కమిటీ 2024 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి కేంద్రం కొన్ని ఊరటలు ప్రకటించింది. రేషన్ కార్డులో ఇద్దరినీ ఒకే ఇంటివాళ్లుగా చూస్తారు. బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, ఒకరు మరొకరిని నామినీగా పెట్టుకోవచ్చు. ఆస్పత్రిలో ఒకరు చనిపోతే దగ్గరి బంధువులు లేనప్పుడు రెండోవారు మృతదేహం అడగొచ్చు.

ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. జాయింట్ అకౌంట్ ఇద్దరు స్నేహితులు కూడా తెరుచుకుంటారు. ఎప్పటినుంచో ఉన్న వీలునే కొత్తగా ఇచ్చినట్టు ప్రకటించారు. ఇక నామినీ. నామినీ అంటే డబ్బుకు యజమాని అనుకునేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. కాదు. బ్యాంకు నుంచి సొమ్ము తీసుకుని అసలు వారసులకు అప్పజెప్పాల్సిన మనిషి నామినీ. సుప్రీంకోర్టు ఇన్సూరెన్స్ విషయంలో 1984లోనూ, షేర్ల విషయంలో 2023లోనూ ఇదే చెప్పింది.

ఇద్దరు మగవాళ్లు పదిహేనేళ్లు కలిసి బతికారనుకోండి. ఫ్లాటు ఒకరి పేరు మీద ఉంది, ఈఎంఐ ఇద్దరూ కట్టారు. ఆ ఒకరు వీలునామా రాయకుండా పోయారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఫ్లాటు తల్లికి పోతుంది. ఆమె లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ. ఆ తర్వాత ఇంకా దూరపు చుట్టాలుంటారు. పదిహేనేళ్లు కాపురం చేసిన మనిషి పేరు ఆ జాబితాలో చివరి వరసలో కూడా కనపడదు. వీలునామా రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు, కానీ ఫ్యామిలీ పెన్షన్ వీలునామాతో రాదు. పీఎఫ్ సంగతీ అంతే: తన మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఉన్న ఉద్యోగి బయటివాళ్లను నామినీగా రాస్తే ఆ నామినేషనే చెల్లదు. భార్యకో భర్తకో ఎంత విలువైన బహుమతి ఇచ్చినా ఆదాయపన్ను పడదు. వీళ్లు ఒకరికొకరు ఇచ్చుకుంటే ఏడాదికి 50 వేలు దాటగానే పన్ను. దీని మీద ఒక జంట 2025లో బొంబాయి హైకోర్టుకు వెళ్లింది.

మృతదేహం నిబంధన నన్ను అన్నిటికన్నా కలచివేస్తుంది. 'దగ్గరి బంధువులు లేనప్పుడు' అన్న షరతు ఎంత దూరం పోతుందో చూడండి. కొడుకు సంగతి తెలిసి ఇంట్లోంచి గెంటేసి, ఏళ్ల తరబడి ముఖం చూడని తండ్రి మార్చురీ దగ్గరికి వస్తే ఆ దేహం ఆయనదే. ఐసీయూ బయట కుర్చీలో రాత్రులు గడిపి, మందులు తెచ్చి, బిల్లులు కట్టిన మనిషి పక్కకు తప్పుకోవాలి. దహనానికి పిలిస్తే వెళ్లాలి, పిలవకపోతే లేదు. ఊరట పేరుతో ఇచ్చిన ఆదేశంలో కూడా మొదటి హక్కు పుట్టింటిదే. అంటే, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కట్టుకున్న బంధాన్ని కుటుంబం అడ్డు చెప్పనంతవరకే రాజ్యం గుర్తిస్తుందన్నమాట.

పార్లమెంటు చేయాల్సిన పని కోర్టు ఎలా చేస్తుంది, సమాజం సిద్ధం కావాలి కదా అనే వాదన ఉంది. నిజాయితీగా ఆ మాట అనేవాళ్లూ ఉన్నారు. పార్లమెంటులో 2022 ఏప్రిల్‌లోనే ఎంపీ సుప్రియా సూలే స్వలింగ పెళ్లిని గుర్తించాలంటూ ప్రైవేటు బిల్లు పెట్టారు, అది ముందుకు కదల్లేదు. ఇక సమాజం సంగతి. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి అలాంటి పెళ్లిని గుర్తించే చట్టం వచ్చి పాతికేళ్లయింది. 1856 చట్టమే లేకపోతే ఆ దంపతుల పెళ్లికి గుర్తింపుండేది కాదు, పుట్టిన పిల్లలకు వారసత్వం ఉండేది కాదు. చట్టం ముందు వచ్చింది, సమాజం ఆ వెనక నడిచింది.

ఇదంతా నగరాల్లోని ఉన్నత వర్గాల గోల అని కేంద్రం సుప్రీంకోర్టులో వాదించింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చిన కేసు చూడండి. విజయవాడ యువతి తన సహచరి కోసం హెబియస్ కార్పస్ వేసింది, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని అడిగింది. మేజర్ అయిన ఆ అమ్మాయిని తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో ఉంచేశాడు. కోర్టుకు రప్పించి అడిగితే తను సహచరితోనే ఉంటానంది. హైకోర్టు ఆమె మాటకే విలువిచ్చింది. నర్సీపట్నం ఏ ఢిల్లీ డ్రాయింగ్ రూములో ఉంది?

నిజానికి ఇది స్వలింగ జంటలతో ఆగే సంగతి కాదు, నన్ను ఎప్పటినుంచో వేధిస్తున్న ప్రశ్న కూడా ఇదే. మన దేశంలో పెళ్లి మీద అధికారం చేసుకునే ఇద్దరిదా, కులానిదా? 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు పీకింది. ఎనిమిది రోజులకే మిర్యాలగూడలో, ఆస్పత్రి బయట, గర్భిణి భార్య కళ్లముందు, కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ రెండు సంఘటనలనూ వేర్వేరు పేజీల్లో చదివాం గానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే పెత్తనం.

ఆ పెత్తనానికి చట్టంలోనే చోటుంది. కులం, మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకునే వీలిచ్చే ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లాడాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. పేర్లు, చిరునామాలతో ఆ నోటీసును ఆఫీసు బోర్డుకు అంటిస్తారు. నెల రోజుల్లో ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన జంటకు ఆ నెల రోజులూ ఎంత టెన్షనో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కినవాళ్లకే తెలుసు. కులాంతర జంటలు ఆర్యసమాజ్ వైపు పరుగెత్తేది అందుకే. మతం మార్చుకోకుండా పెళ్లాడాలనుకునే మతాంతర జంటలకు ఆ దారీ లేదు. నోటీసు ప్రచురణ ఆ జంట ఇష్టమేనని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. 2023 కేసులో పిటిషనర్లు ఈ నోటీసునూ సవాలు చేశారు. సుప్రీంకోర్టు దాన్ని తేల్చకుండానే వదిలేసింది.

ఇప్పుడు అందరూ ఢిల్లీ వైపే చూస్తున్నారు. పెళ్లి, వారసత్వం రెండూ ఉమ్మడి జాబితాలోవి. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రాలు కేంద్ర చట్టాలను సవరించుకోవచ్చు. హిందూ వివాహ చట్టాన్ని తమిళనాడు 1967లోనే సవరించి పురోహితుడు లేని పెళ్లికి గుర్తింపు ఇచ్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తింపజేసింది. ఆ పని చేయడానికి కేంద్రానికి 2005 దాకా పట్టింది. నోటీసు నిబంధన తీసేయడానికి, వారసుల జాబితాలో సహచరులకు చోటివ్వడానికి అమరావతి, హైదరాబాద్ శాసనసభలు ఆ దారిలోనే బిల్లు పెట్టొచ్చు. వచ్చే సమావేశాల్లో ఏ ఎమ్మెల్యే ఆ ప్రతిపాదన తెస్తారో, ఏ పార్టీ అడ్డుపడుతుందో అప్పుడు తేలుతుంది.