రిమ్ ప్రొటీన్ గారికి ఒక ఆరోపణ పత్రం

మహారాజశ్రీ రిమ్ గారికి,

నాకు సంతోషం కలిగితే లోకమంతా మెదడు రసాయనం డోపమైన్‌ను పొగుడుతుంది. ఆ డోపమైన్ నిండిన తిత్తిని న్యూరాన్ అనే మెదడు కణం అంచున సరైన గుమ్మానికి చేర్చి నిలబెట్టిన మీ ఊసు ఎవరూ ఎత్తరు. సొమ్మొకడిది, సోకొకడిది. అయినా మీకు చీమ కుట్టినట్టయినా లేదు. మొదటి ఆరోపణ ఇదే: మీకు రోషం లేదు.

రెండోది మీ చాదస్తం. ఒక చేత్తో కాల్షియం లోపలికొచ్చే ద్వారాన్ని, అంటే కాల్షియం చానెల్‌ను, మరో చేత్తో ర్యాబ్3 అనే కొక్కెం ద్వారా తిత్తిని పట్టుకుని రెంటినీ పక్కపక్కన కూర్చోబెడతారు. తిత్తి అడ్డుకొలతే సుమారు 40 నానోమీటర్లు. దానికీ చానెల్‌కూ మధ్య ఎడమూ దాదాపు అంతకు మించకూడదట! లోపలికొచ్చిన కాల్షియాన్ని దారిలోని ప్రొటీన్లు ఎక్కడికక్కడ పట్టేసుకుంటాయి కాబట్టి, కాస్త ఎడంగా ఉన్న తిత్తికి తెరుచుకోమనే కబురు అందదని మీ వాదన. నిజమే, అందుకే సెకనులో వెయ్యో వంతు గడవకముందే పని ముగుస్తుంది. ఒప్పుకోక తప్పడం లేదు, అదే నా బాధ.

మంక్13 అనే మరో ప్రొటీన్ సంగతీ చెప్పాలి. తన జంటతో పెనవేసుకుని హాయిగా సోమరిగా ఉన్నదాన్ని విడదీసి, తిత్తులను సిద్ధం చేసే పనిలో పెట్టారు. పెద్దమనిషి చేయాల్సిన పనేనా ఇది?

మీ పరివారం పేర్లూ అంతే. అన్నిటికన్నా చిన్న పిల్లనగ్రోవి పేరు పికోలో; మీ దగ్గర ఆ పేరు పెట్టుకున్న ప్రొటీన్‌లో అయిదు వేలకు పైగా అమైనో ఆమ్లాలున్నాయి!

ఇంత హంగామా చేస్తారా, తీరా సంకేతం వచ్చాక మెదడులోని చాలా సినాప్సుల్లో, అంటే న్యూరాన్లు ఒకదానికొకటి కబురందించే చోట్లలో, సగం సార్లు కూడా తిత్తి తెరుచుకోదు. పిలవని వేళ మాత్రం అప్పుడప్పుడూ ఒకటి తనంతట తానే పగులుతుంది. 1952లోనే ఫ్యాట్, కాట్జ్ అనే శాస్త్రవేత్తలు కప్ప కండరం దగ్గర ఈ నిర్వాకాన్ని నమోదు చేశారు. ఇందులో మీ తప్పెంతో తేల్చడం నా వల్ల కాదు కానీ, గుమ్మం దగ్గర ఉన్నది మీరే కదా.

చివరగా ఒక చేదు వార్త. 2016లో ఎలుకల న్యూరాన్లలో మిమ్మల్నీ, మీ సహచరుడు ఎల్క్స్‌నూ కలిపి తొలగించి చూశారు. మంక్13, పికోలో, బసూన్ అనే ప్రొటీన్లు కూడా చాలావరకు చెదిరిపోయాయి, గుమ్మం దగ్గర నిలబడే తిత్తులే కరువయ్యాయి. అయినా సినాప్స్ కూలలేదు. దూరాన ఉన్న తిత్తులే కొన్ని ఎలాగో వచ్చి తెరుచుకున్నాయి.

కాబట్టి సెలవు కావాలంటే అడగండి. ఇవ్వను.

ఇట్లు,
మీ పుణ్యాన ఈ లేఖ రాయగలిగిన మెదడు యజమాని