వేటకు వెళ్లిన ఓడ వెనక్కి తిరిగింది

చేపల రేవులో హత్య అంటే మనకు గుర్తొచ్చేది సినిమా పోలీసే. ఊరికి కొత్త, ఎవరితోనూ కలవడు, నాలుగు సిగరెట్లు కాల్చి హంతకుణ్ణి పట్టేస్తాడు. 2017 జనవరిలో ఐస్‌లాండ్‌లో జరిగింది వేరు. అక్కడ కేసు తేల్చింది ఒక్కడి బుర్ర కాదు.

ఆ దేశ జనాభా అప్పటికి మూడున్నర లక్షల లోపే, దాదాపు మన రాజమండ్రి అంత. హత్యలు ఏడాదికి ఒకటో రెండో. మామూలు పోలీసు దగ్గర తుపాకీ కూడా ఉండదు. అలాంటి చోట 14వ తేదీ తెల్లవారుజామున రాజధాని రేక్యవిక్‌లో ఇరవై ఏళ్ల అమ్మాయి కనిపించకుండా పోయింది. సీసీ కెమెరాల్లో దొరికింది ఒక ఎర్ర కియా రియో కారు.

ఆమె బూట్లు మాత్రం పక్కనున్న హాఫ్నార్‌ఫ్యోర్దుర్ రేవులో దొరికాయి. వాటిని చూసింది పోలీసులు కాదు, తమంతట తాము వెతకడానికి వచ్చిన జనం. కారు అద్దెకు తీసుకున్నది గ్రీన్‌లాండ్ ట్రాలర్ (వల లాగుతూ చేపలు పట్టే ఓడ) 'పోలార్ నానోక్' మీద పనిచేసే నావికుడు. ఓడేమో అప్పటికే వేటకు వెళ్లిపోయింది.

నా దృష్టిలో కేసంతా ఇక్కడే ఉంది. సముద్రం మీద ఒక్కో రోజు గడిచేకొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంది. డెక్ కడిగేస్తారు, చెత్త పోతుంది. అయితే పోలీసులు పిలవడంతో ఓడ వెనక్కి తిరిగింది. రేవుకు చేరకముందే పోలీసు ప్రత్యేక దళం హెలికాప్టర్‌లో వెళ్లి అందులో దిగింది. ఓడ చెత్తలో ఆ అమ్మాయి డ్రైవింగ్ లైసెన్స్, దాని మీద ఆ నావికుడి వేలిముద్ర! 20 కిలోలకు పైగా హషీష్ అనే మత్తుమందు కూడా బయటపడింది. వందలమంది వాలంటీర్లు గాలిస్తుండగా, 22న ఒక లైట్‌హౌస్ దగ్గర ఒడ్డున మృతదేహం కనిపించింది. కోర్టు ఆ నావికుడికి 19 ఏళ్ల శిక్ష వేసింది.

దర్యాప్తు నడిపిన గ్రీముర్ గ్రీమ్సన్ ఎప్పటికప్పుడు మీడియా ముందుకొచ్చి, చెప్పగలిగింది చెప్పాడు. దాచి ఉంటే పుకార్లు ఇంకా రాజ్యమేలేవి. ఉన్నవే చాలు: ఒక్కడు చేసిన పనికి గ్రీన్‌లాండ్ వాళ్లందరినీ అనుమానంగా చూసినవాళ్లున్నారు. అదే గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌లో జనం ఆ అమ్మాయి కోసం కొవ్వొత్తులు వెలిగించారు.

మన తీరంలో శవం కొట్టుకొస్తే మొదటి ప్రశ్న ఇది ఏ స్టేషన్ పరిధి అని. జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేయడం, ఇప్పుడు చట్టంలోనే ఉంది, కాబట్టి ఆ సాకు చెల్లదు. చిక్కు వేరే చోట ఉంది. పోలీసులు పిలిచారని సరంగు (బోటు నడిపే పెద్ద) వేట మధ్యలో బోటు తిప్పాలంటే, ముందు ఆ పిలుపు మీద నమ్మకం ఉండాలి. ఆ తర్వాత లెక్క: డీజిల్, ఐసు, కళాసీల కూలి ఎవరి నెత్తిన?