రేస్ కండిషన్ గారికి, ఆత్రేయపురం నుంచి

మహారాజశ్రీ రేస్ కండిషన్ గారికి,

డిస్కులో ఫైళ్ళు సర్దే ఫైల్‌సిస్టమ్ కోడు రాసుకుని బతికే ఒక అర్భకుడు నమస్కరించి రాయునది. రెండు పనులు ఒకేసారి ఒకే చోటికి ఎగబడితే పుట్టే బగ్గు తమరు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమంగానే ఉన్నారని నిన్న మధ్యాహ్నం తెలిసింది.

నిన్న ఆదివారం. మావయ్య తెల్లారకుండానే రేవుకి వెళ్ళి పులస తెచ్చాడు. ధర అడక్కండి, అత్తకి ఇంకా చెప్పలేదు. అమ్మ మట్టి దాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చున్నానో లేదో, ఫోను. క్లయింటు సర్వర్లో మెమరీ అయిపోయిందట. మెమరీ నిండితే ఏదో ఒక ప్రోగ్రాంని చంపి చోటు చేసే ఓఓఎం కిల్లర్ వచ్చి, వెతికి వెతికి డేటాబేస్‌నే చంపిందట. "ఆ మెమరీ లీక్ పోయింది, నిశ్చింతగా ఉండండి" అని పోయిన నెల వాళ్ళకి మెయిల్ కొట్టింది నేనే. "మళ్ళీ ఆ రేసే!" అని పైకే అనేశాను.

"రేసేంట్రా? పందేలకి ఇంకా నాలుగు నెలలుంది కదా?" అన్నారు నాన్న.

ఏం చెప్పను? రావులపాలెంలో బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తాం కదా నాన్నా, అదే అన్నాను. ఇద్దరు రెండు కిటికీల్లోంచి చూస్తారు. సీటు ఖాళీ. ఇద్దరూ ఒకేసారి వేస్తారు. రెండో రుమాలు తగిలి మొదటిది సీటు కిందికి జారిపోతుంది. అదెక్కడుందో ఎవరికీ తెలీదు, డిపోలో బస్సు ఊడిస్తే గానీ బయటపడదు. మా భాషలో ఆ ఊడ్చడాన్ని రీబూట్ అంటారు.

తమరి లీలా అంతే. రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే రెండు పనులు, ఒకే ఐనోడ్ (ఫైలు వివరాలుండే చీటీ) దగ్గరికి వస్తాయి, అందులో అడ్రసు రాసుకునే పాయింటర్ ఖాళీగా కనిపిస్తుంది, చెరో 96 బైట్ల మెమరీ తెచ్చుకుంటాయి. రెండోది రాసిన అడ్రసు మొదటిదాని మీద పడుతుంది. ఐనోడ్ పోయేటప్పుడు కనబడ్డ ముక్కనే ఫ్రీ చేస్తాం (అంటే తిరిగిచ్చేస్తాం), జారినది అలాగే ఉండిపోతుంది. 96 బైట్లంటే మా ఊరి పూతరేకులో ఒక పొర కూడా కాదు. అదే కోటి సార్లు జరిగితే 96 కోట్ల బైట్లు!

సరే, అదీ క్షమించేవాణ్ణి. నేను చూస్తుంటే మాత్రం బుద్ధిమంతుడిలా కూర్చోవడమేంటి స్వామీ? నా లాప్‌టాప్‌లో రావు. 64 కోర్ల మెషిన్లోనే వస్తావు. పోనీ అని అందులోకి వెళ్ళి, కోడు ఎక్కడిదాకా వచ్చిందో అచ్చు వేసే ప్రింట్‌కే లైను ఒక్కటి పెడితే, ఆ రెప్పపాటు ఆలస్యానికే మాయం. తీసేస్తే ప్రత్యక్షం. మళ్ళీ పెడితే మాయం! చుట్టాలున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడి, వాళ్ళు గుమ్మం దాటగానే బీరువా ఎక్కే పిల్లాడివి నువ్వు. పోయిన నెల నువ్వు పోయావని నేను మెయిల్ కొట్టిందీ ఆ ప్రింట్‌కే ఉన్న టెస్టు చూసే. అంటే నన్నే సాక్షిగా పెట్టి అబద్ధం ఆడించావు. ఎంత తెగింపు నీకు!

కేమెమ్‌లీక్ గారని ఇంకొకరు, లీకులు పట్టే పరికరం. మామూలుగా పది నిమిషాలకోసారి మెమరీ అంతా గాలించి, దిక్కులేని ముక్క ఎక్కడ పుట్టిందో చెబుతారు. ఎక్కడ తప్పిపోయిందో చెప్పరు.

"లాకు వేసెయ్ రా" అన్నాడు మావయ్య. కాలువ మీది లొల్ల లాకుల గట్టు మీద ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, నాకు తెలీదా? ఆ దారిలో పెద్ద లాక్ పెడితే ఫైలు తెరిచే ప్రతివాడూ పాతకాలపు పడవలా వంతు కోసం ఆగాలి. అందుకే కంపేర్ ఎక్స్చేంజ్ పెట్టాను. సీటు ఖాళీయేనా అని చూడటం, రుమాలు వెయ్యడం ఒకే ఊపులో జరుగుతాయి. అప్పటికే ఎవరిదో ఉంటే తన రుమాలు జేబులో పెట్టుకుని తప్పుకోవాలి. అంటే, ఓడిన థ్రెడ్డే తన 96 బైట్లు ఫ్రీ చేస్తుంది. కోడంతా కలిపి నాలుగు లైన్లు. ఆ నాలుగింటికీ రాత్రి రెండున్నర అయింది.

అప్పట్నుంచి తెల్లారేదాకా టెస్టు నడిచింది, ప్రింట్‌కే లేకుండానే. పొద్దున చూస్తే స్లాబ్ లెక్క, అంటే వాడుకలో ఉన్న మెమరీ ముక్కల లెక్క, పెరగలేదు. మెయిల్ మాత్రం వారం ఆగి కొడతాను.

అమ్మ నా వాటా రెండు ముక్కలూ దాకలోనే ఉంచింది. పులస పులుసు మర్నాటికే రుచంటారు. ఇంట్లో అందరూ నిన్న వేడివేడిగా తినేశారు. ఇవాళ తిన్నది నేనొక్కణ్ణే.

అది మాత్రం నీ చలవే. వెధవా.

ఇట్లు,
కంచం ముందు నుంచి లేపబడ్డవాడు