'చదివి ఇచ్చేస్తా' గారికి ఓ ఉత్తరం

మహారాజశ్రీ 'చదివి ఇచ్చేస్తా' గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నా పుస్తకాన్ని నేనే కొనుక్కున్నాను. మూసిన షాపుల ముందు పరిచిన పట్టా మీద, ఎంట్రన్స్ గైడ్ల కింద నుంచి రష్యన్ రచయిత పెరెల్మాన్ 'నిత్యజీవితంలో భౌతికశాస్త్రం' తొంగి చూసింది. అట్ట తిప్పితే ఇంటర్ రోజుల నాటి వంకర అక్షరాల్లో నా పేరు. "ఇది నాదే బాబూ" అన్నాను. "పేరుంటే ఏంది సార్, ఈడ ప్రతి బుక్కులో ఎవరిదో ఒకరి పేరుంటది. రష్యా బుక్కు, దొరకదు. రెండొందలు" అన్నాడు. బేరమాడాను. పది రూపాయలు కూడా దిగలేదు. అతన్ననుకుని లాభం లేదు. అమ్ముతానన్నాడు, అమ్మాడు. మీలా కాదు.

మీరు నాకు కొత్తా ఏమన్నానా! బావమరిది నోట వచ్చినా, పక్క ఫ్లాట్ ఆయన నోట వచ్చినా మీరు మీరే. మీరింకా నోటి దాకా రాకముందే చేతులు బీరువా తలుపు తీసేసి ఉంటాయి. 'బారిస్టర్ పార్వతీశం' మూడు భాగాలూ ఉండేవి నా దగ్గర. మొదటిది పట్టుకెళ్ళారు. ఇప్పుడు మా ఇంట్లో పార్వతీశం మొగల్తూరులో బయల్దేరకుండానే ఎడింబరోలో చదువుకుంటున్నాడు. 'అమరావతి కథలు' తిరిగొచ్చాయి, కాదనను. నూరు కథలకీ సాంబారు వాసన పట్టించి మరీ పంపారు. 'మహాప్రస్థానం' నాలుగుసార్లు కొన్నాను, పేరే అది కనుక వెళ్ళింది తిరిగి రాదని సరిపెట్టుకున్నాను. ఒక్క 'వేయిపడగలు' జోలికి మాత్రం ఇరవయ్యేళ్ళలో ఒక్కసారీ రాలేదు. విశ్వనాథ వారంటే మీకూ భయమే.

మా ఊరి అద్దె పుస్తకాల షాపాయన దగ్గర మీ పప్పులు ఉడికేవి కావు. డిటెక్టివ్ నవలకైనా ముందు డిపాజిట్, ఆలస్యమైతే రోజుకింత. నాకు మొహమాటం. పరహస్తం గతం గతః అని తెలిసీ అట్ట వేసి మరీ ఇస్తాను.

అవన్నీ పోనీయండి, మళ్ళీ మళ్ళీ అచ్చవుతాయి, కొనుక్కుంటాను. ఇది మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన పుస్తకం. టీ డబ్బులు మిగిల్చి విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్నాను. 1991లో ఆ సోవియట్ దేశమే లేకుండా పోయింది. దేశం ఎలాగూ రాదు, పుస్తకమైనా వస్తుందేమోనని చూశాను. లెక్కలంటే జ్వరం వచ్చే నాకు, గుడ్డును గిరగిరా తిప్పి అది ఉడికిందో పచ్చిదో చెప్పడం నేర్పింది ఇదే. మా అమ్మకి ఎన్ని గుడ్లు నష్టమో అది వేరే లెక్క.

ఫోన్ చేసినప్పుడల్లా ఏమన్నారు? సగంలో ఉన్నాను. ఊరెళ్ళాం. ఇల్లు మారాం, ఇంకా పెట్టెలు విప్పలేదు. ఆరేళ్ళు ఇదే పాట. ఆఖరికి మొన్న "ఏ పుస్తకం?" అన్నారు.

ఏ పుస్తకమా? ఇంతసేపూ గారూ గీరూ అన్నాను చూడు, నాది బుద్ధి తక్కువ. 'ఇచ్చేస్తా' అబద్ధమని ఎప్పుడో తెలుసు, దాని మీద ఏడవడం కూడా మానేశాను. 'చదివి' కూడా అబద్ధమేనట్రా! మెట్రోలో కూర్చుని తెరిచి చూశాను. రెండో అధ్యాయంలో ఓ ఆర్టీసీ టికెట్ ఉంది. అక్కడిదాకా అంచులు నలిగాయి, కాఫీ చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత కాగితాలు నేనిచ్చిన నాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. చదవకపోతే ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే చదివి చావాలి. రెండూ కాకుండా పాత పేపర్లతో కలిపి తూకానికి వేస్తావా? దాని మీద వచ్చిన డబ్బులతో కొత్తిమీర కట్టయినా వచ్చిందా నీకు?

రాత్రి ఆ టికెట్ ఉన్న పేజీ చదివాను. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు వెనక్కి జరపకుండా, ముందుకి వంగకుండా లేవండి చూద్దాం అంటాడు పెరెల్మాన్. ఎవరి తరమూ కాదు. ఇంటర్‌లో చేశాను, నిన్న మళ్ళీ చేశాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది, నేను కుర్చీకి అతుక్కుని మూలుగుతున్నాను. అప్పుడు తట్టింది. మీరూ ఇదే చేసి ఉంటారు. పుస్తకం ఇచ్చేద్దామనే లేవబోయి, ఆరేళ్ళుగా అలాగే ఉండిపోయి ఉంటారు.

కాస్త ముందుకి వంగండి, లేవగలరు. లేచాక పార్వతీశం మొదటి భాగం కూడా పట్టుకురండి.

ఇట్లు,
టికెట్‌ని ఆ పేజీలోనే ఉంచిన,
మీ విధేయుడు