సముద్రంలో చేపకు నీళ్ల కరువు

చేపకు దాహమేంటి, నీళ్లలోనే ఉంటుంది కదా అనుకుంటాం. కానీ సముద్రపు చేప బతుకంతా నీళ్ల కరువే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, చేప రక్తం ఉప్పదనం అందులో మూడో వంతు చుట్టూ ఉంటుంది. ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు పాకుతుంది కాబట్టి, మొప్పల గుండా దాని ఒంట్లో నీరు రాత్రీ పగలూ బయటికి పోతూనే ఉంటుంది. అందుకే ఆ ఉప్పునీళ్లే తాగి, నీరు ఉంచుకుని, ఉప్పును మళ్లీ మొప్పలతోనే బయటికి నెట్టేస్తుంది. మంచినీటి చేపది దీనికి తిరగేసిన కష్టం. వద్దన్నా నీరు లోపలికి వస్తుంది, రోజంతా పల్చటి మూత్రం పోయాలి, పోయిన ఉప్పును నీటిలోంచి ఏరుకోవాలి.

మనం దీన్ని నీటి సమస్య అంటాం గానీ, నా లెక్కలో ఇది ఉప్పు సమస్య. కణాలు నీటిని నేరుగా పంప్ చేయలేవు. ఉప్పును అటో ఇటో జరుపుతాయి, నీరు దాని వెనకాలే వెళ్తుంది. ఆ జరపడానికి శక్తి ఖర్చవుతుంది.

కిడ్నీని జల్లెడ అనడం కూడా నాకు నచ్చదు. మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడితే, మూత్రంగా పోయేది ఒకటిన్నర, రెండు లీటర్లే. బీరువా మొత్తం నేల మీద కుమ్మరించి, కావాల్సినవి మళ్లీ సర్దుకుని, మిగతాది ఊడ్చేసినట్టు! పిచ్చి పనిలా ఉంది కదా? కానీ ఇందులో ఒక సుఖం ఉంది, ఒంటికి తెలియని కొత్త పదార్థం ఏదొచ్చినా, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టక్కర్లేదు, వెనక్కి తీసుకోకపోతే చాలు.

అయినా మన కిడ్నీ సముద్రం కంటే ఉప్పగా మూత్రం చేయలేదు. లీటరు సముద్రపు నీరు తాగితే, ఆ ఉప్పును వదిలించుకోవడానికి లీటరుకు మించి పోతుంది. సముద్రపు కాకికి (సీగల్) ఆ దిగులు లేదు, దాని కళ్ల పైన లవణ గ్రంథులున్నాయి. 1950ల చివర్లో జంతువుల ఒంటి పనితీరును చదివిన శాస్త్రవేత్త క్నుట్ ష్మిట్-నీల్సన్ వీటి పని బయటపెట్టాడు. ఉప్పునీళ్లు తాగిన కాసేపటికి నాసికా రంధ్రాల్లోంచి తేటగా ఒక చుక్క దిగి, ముక్కు మీదుగా కొనదాకా జారి వేలాడుతుంది, పక్షి తల విదిల్చి దాన్ని రాల్చేస్తుంది. ఆ చుక్క సముద్రం కంటే ఉప్పన. గుడ్లు పెడుతూ ఏడుస్తోందని మనం జాలిపడే సముద్రపు తాబేలు కన్నీళ్లూ ఇలాంటివే.

ఎడారి అనగానే పేరంతా ఒంటెకే, మూపురంలో నీళ్లుంటాయని ఇంకా నమ్మేవాళ్లున్నారు (అది కొవ్వు). నిజమైన మొనగాడు అరచేతిలో పట్టే కంగారూ ఎలుక. ఎండు గింజలు తిని, అవి ఒంట్లో ఖర్చవుతున్నప్పుడు పుట్టే నీటితోనే దాదాపు బతికేస్తుంది. దాని మూత్రం మనం చేయగలిగిన దానికంటే నాలుగు రెట్లు చిక్కన.

వీటన్నిటి మధ్య మనకు వినిపించే సలహా మాత్రం ఒక్కటే, నీళ్లు ఎంత తాగితే అంత మంచిదని. మారథాన్‌లో గంటల తరబడి అతిగా నీళ్లు తాగిన కొందరు కుప్పకూలారు. శ్రమ వల్ల నీటిని పట్టి ఉంచే హార్మోన్ తగ్గదు, కిడ్నీ అదనపు నీటిని వదలదు, రక్తంలో సోడియం పల్చబడుతుంది. అప్పుడు నీరు కణాల్లోకి పాకుతుంది, మెదడు ఉబ్బుతుంది, ఉబ్బడానికి పుర్రెలో చోటుండదు.